పాఠాలూ పరిశోధనా ఒకేచోట జరిగే బయోమెడికల్ సంస్థలో ఎమ్మెస్సీ చేయించవచ్చా?

బీఎస్సీ బయోకెమిస్ట్రీ పూర్తిచేసిన మీ అమ్మాయికి విశాఖపట్నంలో, విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక బయోమెడికల్ సంస్థలో సీటు వచ్చిందనీ, అక్కడి అధ్యాపకులు పరిశోధనల్లో మునిగిపోయి పాఠాలు సరిగ్గా చెప్పరేమోనని భయంగా ఉందనీ, పాఠాలు మాత్రమే చెప్పే కళాశాల మేలేమోననీ మీరు అడిగారు. ఆ సంస్థలోనే చేర్పించండి. అటువంటి చోటే నేను 1996లో ఎమ్మెస్సీలో చేరాను. ఆ తరవాత ఇదే ఊళ్ళో మరొక సంస్థ ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. పరిశోధన చేసే గురువు దగ్గర నేర్చుకున్న ఒక్క విషయం నాకు ఎలా పట్టుబడిందో చెబితే, నా మాట మీకు నమ్మకం కలిగిస్తుందని అనుకుంటున్నాను.

మా మేడం బోదకాలు వ్యాధి మీద పరిశోధన చేసేవారు. మన తీరప్రాంతానికి ఆ జబ్బు కొత్తది కాదు. మొదటి సంవత్సరం చివర్లో విద్యార్థులను జట్లుగా విడగొట్టి, ఫిషింగ్ హార్బరుకు దగ్గరలో ఉన్న ఒక పేటకు రాత్రి పదింటికి రక్తనమూనాల సేకరణకు పంపారు. వేలికొసన సూదితో గుచ్చి, ఇరవై మైక్రోలీటర్ల రక్తాన్ని గాజు పలక మీద మందంగా పరిచి ఆరబెట్టడం మా పని. బోదకాలు తెచ్చే సన్నని పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి ఉండి, రాత్రి పది నుంచి రెండింటి మధ్య, అంటే ఈ జబ్బును మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే నేనూ.

ఆ రాత్రి నలభై ఏళ్ళ మనిషి ఒకాయన, బోట్ల నుంచి చేపలు దింపే పనికి బయల్దేరుతూ, అరుగు మీద కూర్చుని వేలు చాపాడు. ఆ ఏడాది రెండుసార్లు చలిజ్వరం వచ్చిందనీ, వచ్చినప్పుడల్లా గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలి మీద ఎర్రటి చార తేలిందనీ చెప్పాడు. మర్నాడు పలకను నీళ్ళలో ముంచి, రక్తపు ఎరుపు పోయాక రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ఒక అంచు నుంచి రెండో అంచు దాకా రెండుసార్లు వెతికాను. ఏమీ కనిపించలేదు. రిజిస్టరులో ‘లేదు’ అని రాసి సంతకం చేశాను.

సాయంత్రం మేడం ఆ రిజిస్టరు చూస్తూ, వృత్తి అని ఉన్న గడి దగ్గర ఆగి, “ఈయన ఎప్పుడు నిద్రపోతాడో అడిగావా?” అన్నారు. నేను అడగలేదు. మర్నాడు పదకొండింటికి ఆవిడే నన్ను వెంటబెట్టుకుని సిటీ బస్సులో ఆ పేటకు తీసుకువెళ్ళారు. “రేత్రల్లా హార్బర్లో ఉంటాడమ్మా, తెల్లారినాకే నిద్ర. ఏడేళ్ళ నుంచి ఇంతే,” అని ఆయన భార్య లేపడానికి ఒప్పుకోలేదు. మేడం గడప పక్కన కూర్చుని, ఎందుకు వచ్చామో ఆమెకు అరగంటసేపు నింపాదిగా వివరించారు. చివరికి ఆమే వెళ్ళి లేపింది. ఆయన వేలి మీద ఎండి అతుక్కున్న చేప పొలుసు స్పిరిట్ దూదితో రెండుసార్లు తుడిస్తే గాని ఊడిరాలేదు. ఆ పట్టపగటి రక్తంలో ఏడు పురుగు పిల్లలు కనిపించాయి. ఒక్కొక్కటీ పలచని తొడుగులో, ఊదారంగు చుక్కల దారంలా ఉంది. చుక్కలు తోక కొస దాకా రాకుండా ముందే ఆగిపోవడం చూపించి, ఇది బోదకాలు పురుగు, అంటే వుకరేరియా బాంక్రాఫ్టై, అని ఎలా గుర్తించాలో మేడం అక్కడికక్కడే నేర్పారు.

ఈ పురుగుకూ దోమకూ ఉన్న సంబంధాన్ని పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు 1877లోనే కనిపెట్టాడు. మనిషి నిద్రవేళలు తారుమారైతే పురుగు వేళలు కూడా తారుమారవుతాయని తరవాత కొద్ది ఏళ్ళకే వైద్యులు గమనించారు. నూరేళ్ళ నాటి ఆ సంగతి, రాత్రి పని చేసే మనుషులు ఇంతమంది ఉన్న ఓడరేవు పట్టణంలో, ఆ జబ్బును రోజూ చేత్తో ముట్టుకునే గురువుకు గుర్తుకు వచ్చింది. పాఠాలు మాత్రమే చెప్పేవారు నా ‘లేదు’ను ‘లేదు’గానే ఉంచేవారు. ఆ హార్బరు మనిషికి మందు మాత్రలు అందేవి కావు.

ఆయన పన్నెండు రోజులు వేసుకున్న ఆ మాత్ర డీఈసీ, అంటే డైఇథైల్ కార్బమజీన్. అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో 1940లలో అది తయారైంది. భీమవరంలో పుట్టిన ఆయన మందు మన తీరంలోని ఈ జబ్బుకే పనికిరావడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్ళు పులకరించే సంగతి. మొదటి సెమిస్టరులో మేము భాస్వరాన్ని కొలిచిన నీలిరంగు పద్ధతి కూడా ఫిస్క్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి 1925లో ఆయన ప్రకటించినదే. అయినా మా బంధువుల్లో ఇప్పటికీ ‘నువ్వు డాక్టరువి కావు కదా’ అనేవారు ఉన్నారు. నీట్‌లో సీటు రాకపోతే బిడ్డ జీవితం వృథా అని ఏడ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మీరు అలా ఏడవకుండా ఈ దారిని గురించి అడిగినందుకు సంతోషం.

అనుబంధం అనే మాటను మాత్రం కాస్త పరిశీలించండి. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక దశాబ్దాలపాటు దాని నీడలోనే ఉండేది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక వైద్య కళాశాలలు అటు వెళ్ళిపోయాయి. పాలనకు అది సులువై ఉండవచ్చు గాని, ఒకే ఊళ్ళో కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న రసాయన శాస్త్రజ్ఞుడూ వార్డులోని వైద్యుడూ రెండు విశ్వవిద్యాలయాల మనుషులైపోవడం మన ప్రాంతపు పరిశోధనకు జరిగిన నష్టమని నా గట్టి అభిప్రాయం. అందువల్ల పట్టా ఎవరిస్తారని అడగడంతో ఆగకండి. విద్యార్థులు ఏ ఆసుపత్రికి వెళతారు, నెలకు ఎన్నిసార్లు వెళతారు, నమూనా ఇచ్చిన రోగిని చూస్తారా అని కూడా అడగండి.

ఇంకొక్కటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను పనిచేస్తున్న చోట జనరేటరు ఉంది గాని, డీజిలు ఒక్క రాత్రికే సరిపోయింది. కరెంటు రోజుల తరబడి రాలేదు. మూడో రోజు చెట్లు దాటుకుంటూ వెళ్ళేసరికి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు కింద నేలంతా నీళ్ళు. తొమ్మిదేళ్ళపాటు పేటల్లో తిరిగి సేకరించిన సీరం గొట్టాలు వెచ్చబడి, మీద రాసిన పేర్లు సిరా కారి చెరిగిపోయాయి. వాటిని పారవేసిన రోజు మాలో ఎవరమూ మధ్యాహ్నం భోజనం చేయలేదు.

కాబట్టి అమ్మాయిని వెంటబెట్టుకుని ఒకసారి వెళ్ళండి. కొత్త యంత్రాలు చూపిస్తామంటే చూడండి గాని, జనరేటరు ఎక్కడుందో, డీజిలు ఎన్ని గంటలకు సరిపోతుందో, సెలవురోజుల్లో ఎవరు వచ్చి చూస్తారో టెక్నీషియన్‌ను అడగండి. ఫ్రీజరు తలుపుకు ఉష్ణోగ్రత రాసే కాగితం వేలాడుతుంటే, దానిలో నిన్నటి తేదీకి ఎదురుగా అంకె ఉందో లేదో చూడండి.