పికిల్‌బాల్ కోర్టులో మన వంతు ఎప్పుడొస్తుంది?

సందేహం: ఈ మధ్యే హైదరాబాద్ నుంచి సియాటెల్ వచ్చాం. అక్కడ ఆఫీసు ఫ్రెండ్స్‌తో వారం వారం పికిల్‌బాల్ (షటిల్ కోర్టంత చోటులో బ్యాట్లతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట) ఆడేవాణ్ణి. ఇక్కడ పార్కులో కోర్టులు ఫ్రీ అంటారు గానీ, వెళ్తే ఎవరూ రమ్మని పిలవరు. మొన్న నలుగురం వెళ్లి ఖాళీగా కనబడిన కోర్టులో దిగితే ఒక పెద్దావిడ వచ్చి ఏదో అంది. మళ్లీ వెళ్లబుద్ధి కావడం లేదు. వేసవిలో మా నాన్నగారు వస్తున్నారు, ఆయన్ని కూడా తీసుకెళ్లొచ్చా?

జవాబు: ఆవిడేమందో నేను చెప్పగలను. "మీ ప్యాడిల్స్ (అంటే ఈ ఆట బ్యాట్లు) వరసలో పెట్టారా?" అని ఉంటుంది. మన రంగు చూసి అన్న మాట కాదది. రేపు వాళ్లూరి మేయరు వచ్చినా ఆవిడ అదే అడుగుతుంది.

హైదరాబాద్‌లో గంటకింత అని కట్టి కోర్టు తీసుకుంటాం. ఆ గంట అది మన సొంతం, మన గ్యాంగే ఆడుతుంది. ఇక్కడ పార్కు కోర్టు ఎవరి సొంతమూ కాదు, అందుకే అక్కడ వరస నడుస్తుంది. ఫెన్సుకి ఒక ర్యాకో, అది లేకపోతే ప్యాడిళ్లు నేలమీద ఒకదాని పక్కన ఒకటి పెట్టిన వరసో కనబడుతుంది. మీదీ చివర పెట్టండి. ముందున్న నాలుగు ప్యాడిళ్ల వాళ్లూ ఖాళీ అయిన కోర్టులోకి వెళ్తారు, మిగతావన్నీ ముందుకు జరుగుతాయి. ఆట 11 పాయింట్లకి, రెండు తేడాతో గెలవాలి. జనం ఎక్కువుంటే ఆట అవగానే నలుగురూ బయటికొచ్చి మళ్లీ చివర నిలబడతారు. తక్కువుంటే గెలిచినవాళ్లు ఉండిపోయి, చెరో పక్కకి విడిపోయి కొత్తవాళ్లతో ఆడతారు. ఏ పార్కులో ఏ పద్ధతో బోర్డు మీద రాసుంటుంది. బోర్డు లేకపోతే, "ఇక్కడ వరస ఎలా నడుస్తుందండీ, నేను కొత్త" అని ఒక్కసారి అడగండి. ఇక్కడివాళ్లు తమంతట తాము పిలవరు, నిజమే. అడిగితే మాత్రం దగ్గరుండి నేర్పిస్తారు. ఆ పెద్దావిడే మొదట వస్తుంది, చూస్తూ ఉండండి.

అసలు తేడా వచ్చేది "మేం నలుగురం మాలో మేమే ఆడుకుంటాం" అన్న దగ్గర. శనివారం పొద్దున ఎనిమిది మంది మనవాళ్లు రెండు కార్లలో దిగి, ప్యాడిళ్లన్నీ కలిపి పెట్టి, వంతు రాగానే రెండు కోర్టులు పట్టి, మధ్యాహ్నం దాకా కదలకపోవడం నేను చూశాను. వాళ్లు రూలేదీ తప్పలేదని వాదించవచ్చు. కానీ వంటరిగా వచ్చి వరసలో నిలబడ్డ ఒక అమ్మాయి చూసి చూసి వెళ్లిపోయింది. నా మాట వినండి: ఒక్కరే వెళ్లండి, కాదంటే ఇద్దరు. ఎవరొస్తే వాళ్లతో ఆడండి. ఆఫీసులో ఏడాది కూర్చున్నా దొరకని పరిచయాలు అక్కడ నెల తిరక్కుండా దొరుకుతాయి. మెకానిక్ ఎవరు మంచివాడు, ఏ స్కూల్ ఎలాంటిది, ఇంటి కప్పు ఎవరి చేత వేయించాలి, ఇవన్నీ నాకు బెంచీ మీద కూర్చుని తెలిసినవే. మన జట్టుతోనే ఆడాలనుంటే వారం మధ్యలో జనం లేని వేళ చూసుకోండి, లేదా రిజర్వేషన్ ఇచ్చే కోర్టు డబ్బు కట్టి తీసుకోండి.

షటిల్ ఆడినవాళ్లకి ఈ ఆట తొందరగా పట్టుబడుతుంది, కారణం ఉంది. ఇది పుట్టింది మీకు నీళ్లవతలే, బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో, 1965 వేసవిలో. జోయెల్ ప్రిచర్డ్ అనే రాజకీయ నాయకుడి ఇంట్లో పిల్లలు ఏం తోచడం లేదని గొడవ చేస్తుంటే, ఆయనా స్నేహితుడు బిల్ బెల్ కలిసి పాత షటిల్ కోర్టులో, పింగ్‌పాంగ్ బ్యాట్లతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో మొదలుపెట్టారు. కోర్టు కొలత ఇప్పటికీ షటిల్ డబుల్స్ కొలతే, 20 అడుగులకి 44. 2022లో మీరుండే వాషింగ్టన్ రాష్ట్రం దీన్ని తన అధికారిక క్రీడగా చేసింది.

షటిల్ అలవాటు పనికొచ్చినట్టే ముంచుతుంది కూడా. సర్వీసు రాగానే గాల్లోనే కొట్టేయాలని చెయ్యి లాగుతుంది, కానీ ఇక్కడ సర్వీసు ఒకసారి నేల తగలాలి, మీరు తిరిగి కొట్టిన బంతీ అటువైపు ఒకసారి నేల తగలాలి. ఆ తర్వాతే గాల్లో కొట్టడం. నెట్‌కి రెండు పక్కలా ఏడేసి అడుగుల కిచెన్ ఉంటుంది. దాన్లో నిలబడి గాల్లో బంతి కొట్టకూడదు, కొట్టిన ఊపులో కాలు దాన్లో పడినా తప్పే. మనవాళ్లు ఎక్కువ పాయింట్లు పోగొట్టుకునేది ఈ గీత దగ్గరే. బంతి గీత మీద పడిందా అవతల పడిందా అన్నది ఎవరి వైపు పడితే వాళ్లే చెప్పాలి, అనుమానం వస్తే ఎదుటివాళ్లకే ఇచ్చేయాలి. దీని మీద వాదనకి దిగితే పక్కవారం మీ పక్కన ఆడటానికి ఎవరూ రారు. మీ బంతి పక్క కోర్టులోకి దొర్లితే "బాల్!" అని గట్టిగా అరవండి, ఆట మధ్యలో వెనకాల్నించి పరుగెత్తకండి.

సామాన్ల సంగతి తక్కువే చెబుతాను. వంద డాలర్ల లోపు ప్యాడిల్ చాలు. బూట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రన్నింగ్ బూట్లు ముందుకు పరుగెత్తడానికి చేసినవి, పక్కకి దూకితే చీలమండ మడత పడుతుంది. కోర్టు బూట్లు కొనండి. చాలా చోట్ల టెన్నిస్ కోర్టు మీదే పికిల్‌బాల్ గీతలు వేసుంటాయి, అక్కడ నెట్ కాస్త ఎత్తు. టెన్నిస్ నెట్ మధ్యలో 36 అంగుళాలు, మనది 34. అందుకే కొందరు మడత నెట్ వెంట తెచ్చుకుంటారు. వాళ్ల నెట్ మీద ఆడితే చివర్లో మడవడానికి చెయ్యి వేయండి. ఇక వాన. సన్నగా తుంపర పడి ఆగిన కోర్టు ఆరినట్టే కనబడుతుంది, కానీ జారుతుంది. అక్టోబర్ నుంచి కమ్యూనిటీ సెంటర్లలో లోపల ఆడుకోవడమే మేలు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆఫీసయ్యాక బయట ఆటన్న మాట మర్చిపోండి.

నాన్నగార్ని తప్పకుండా తీసుకెళ్లండి. అరవై దాటినవాళ్లు ఇక్కడ పొద్దున పూట గుంపులుగా ఆడతారు, ఆయనకి మాట్లాడే తోడూ దొరుకుతుంది. ఒక్క షరతు: తలమీంచి వెళ్లిన బంతి కోసం వెనక్కి వెనక్కి పరుగెత్తొద్దని మొదటిరోజే చెప్పండి. పెద్దవాళ్లు ఎక్కువగా పడేది అలాగే. వచ్చే ముందే విజిటర్ ఇన్సూరెన్సు తీసుకుని, పాలసీలో ఆటల్లో తగిలే దెబ్బల గురించి ఏం రాసుందో, పాత జబ్బుల్ని ఎలా మినహాయించారో చదవండి. ఆయన వాడే మందుల పేర్లు ఓ కాగితం మీద రాసి ఆయన జేబులోనే పెట్టండి. మీకే కాలు బెణికితే సరాసరి ఎమర్జెన్సీకి వెళ్లకుండా అర్జెంట్ కేర్‌కి (చిన్న దెబ్బలు అప్పటికప్పుడు చూసే క్లినిక్) వెళ్లండి, బిల్లులో చాలా తేడా ఉంటుంది.

మీరు అడగని ముక్క ఒకటుంది. నాలుగు నెలలు ఆడాక ఎవరో ఒకరు "మా పిల్లలకి నేర్పుతారా, గంటకింత ఇస్తాం" అంటారు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు కంపెనీ ఉద్యోగం తప్ప బయట పని చేసి డబ్బు సంపాదించకూడదు, అది జెల్లేలో (బ్యాంకు ఖాతాకి నేరుగా డబ్బు పంపే సేవ) వచ్చినా సంపాదనే. హెచ్4 వీసా మీద ఉన్న మీ ఆవిడకి ఈఏడీ (పని చేయడానికిచ్చే అనుమతి కార్డు) లేకపోతే ఆవిడకీ కుదరదు. పైగా పార్కు కోర్టులో అనుమతి లేకుండా డబ్బు తీసుకుని కోచింగ్ ఇవ్వడం మామూలుగా నగరాలు ఒప్పుకోవు. ఊరికే నేర్పండి, వాళ్లు ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్లండి.