వేరుపురుగుకి డీఎన్ఏ చేయించేముందు

తల్లీ, వేరుశనగ చేలో దొరికిన వేరుపురుగుల్ని, అదే మట్టిలో వేర్లు తినే పెంకుపురుగు పిల్లల్ని, డీఎన్ఏ పెట్టి పేరు తేలుస్తానన్నావు, చాలా సంతోషం. పిల్లదశలో అన్నీ ఒకటే తెలుపు, ఒకటే వంకర, వెనక భాగం కింద ముళ్ల వరస చూసి జీనస్ (దగ్గరి జాతుల గుంపు) వరకూ చెప్పగలిగినా స్పీషీస్ (అసలు జాతి) దగ్గర అందరం తడబడతాం.

ముందు సీసా సంగతి. ఫార్మలిన్‌లో వెయ్యకు, డీఎన్ఏ పాడవుతుంది. 95 శాతం పైనున్న ఆల్కహాల్లోనే వెయ్యి, వాటి ఒంట్లో నీళ్లెక్కువ కాబట్టి మర్నాడే ఆ ఆల్కహాల్ పారబోసి కొత్తది పొయ్యి, లేకపోతే పల్చబడిపోయి లోపల కుళ్లిపోద్ది. పొట్ట జోలికి పోకు, దాన్నిండా మట్టీ బాక్టీరియానే, ఒక్క కాలు కోస్తే చాలు. మిగతా ఒళ్లు మాత్రం పారెయ్యొద్దు తల్లీ, ఊరు, పంట, తేదీ చీటీ మీద పెన్సిల్‌తో రాసి ఆ సీసాలోనే వేసి దాచు, పెన్ను రాత ఆల్కహాల్‌కి కరిగిపోద్ది. రేపెవరైనా నువ్వు పెట్టిన పేరు తప్పంటే చూపించడానికి అదొక్కటే ఉంటది.

జీన్ అందరూ చేసే సీఓఐ చెయ్యి, అది జాతుల్ని గుర్తుపట్టడానికి వాడే మైటోకాండ్రియా జీన్. ఆ ముక్కని కాపీలు తీయడానికి వాడే చిన్న డీఎన్ఏ తునకల్ని ప్రైమర్లంటారు, 1994 నాటి ఫోల్మర్ ప్రైమర్లతో 658 బేసుల (డీఎన్ఏ అక్షరాల) ముక్క వస్తుంది. రెండు వైపుల నుంచీ చదివించు. రాగానే బ్లాస్ట్‌లో (నీ సీక్వెన్స్‌ని డేటాబేస్‌లో ఉన్నవాటితో పోల్చే ప్రోగ్రాంలో) పెట్టకుండా ముందు ప్రోటీన్‌గా మార్చి చూడు, దానికి వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియా కోడ్ అయిన టేబుల్ 5 పెట్టాలి, మామూలు టేబుల్ పెడితే టీజీఏ అనే మూడక్షరాలు ఉన్నచోటల్లా స్టాప్ (ప్రోటీన్ అక్కడితో ఆగిపోయే గుర్తు) చూపించి ఊరికే కంగారు పెడుతుంది. టేబుల్ 5లో కూడా మధ్యలో స్టాప్ వచ్చిందా, అది అసలు జీన్ కాక న్యూక్లియస్‌లో ఉండిపోయిన దాని పాత, పనిచెయ్యని కాపీ అయ్యుండొచ్చు, దాన్ని నమ్మకు.

ఇక బ్లాస్ట్‌లో 99 శాతం హోలోట్రైకియా సెర్రేటా (ఒక వేరుపురుగు జాతి) అని వచ్చిందనుకో, వెంటనే రాసెయ్యకు. ఆ ఎంట్రీకి పేరు పెట్టిందెవరు, ఆ పురుగు ఎక్కడైనా దాచి ఉందా చూడు, ఆ ఎంట్రీలుండే జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ డేటాబేస్‌లో తప్పు పేర్లతో చాలానే ఉన్నాయి. నా మాట విని తొలకరి వానలు పడ్డాక పొద్దు గూకే వేళ చేను పక్క వేపచెట్టు దగ్గర నిలబడు, తిండికీ జతకీ వచ్చి వాలతాయి పెంకుపురుగులు, వేరుపురుగులు పెద్దయితే అయ్యేవి అవే, కొమ్మ దులిపి పట్టుకో. మగవాటి జననాంగం చూసి టాక్సానమిస్టు (జాతుల్ని గుర్తించి పేర్లు పెట్టే నిపుణుడు) చేత పేరు చెప్పించుకుని, దాని కాలు కూడా సీక్వెన్స్ చేయించు, అదీ నీ వేరుపురుగుదీ కలిస్తే అప్పుడు ధైర్యంగా రాయి. అందుకోసం బెంగళూరులో పంటల పురుగుల మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్ వాళ్లకి ముందే ఉత్తరం రాసి వెళ్లు. ఏ చెట్టు మీద ఎప్పుడు వాలుతుందో దాన్ని బట్టే కదా రైతు మందు కొట్టేది, అందుకే ఇంత చెప్తున్నా.

ల్యాబ్ వాళ్లు ఏబీ1 ఫైళ్లు (సీక్వెన్సింగ్ మిషన్ గీసిన అసలు రికార్డులు) ఇస్తారు, అవి నాకూ పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెదనాన్న