నడక మానొద్దు నాన్నా, ఆ రోడ్డు మాను

నాన్నా,

గుండె రక్తనాళంలో స్టెంట్ వేశాక డాక్టరు రోజూ నడవమన్నారని, పొద్దున్నే మెయిన్ రోడ్డు వెంబడి నడిచొస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నడుస్తున్నందుకు చాలా సంతోషం. కానీ ఆ రోడ్డు మీదని విన్నాక ఊరుకోలేక రాస్తున్నాను. ఏళ్ల తరబడి గుండె వార్డులో నర్సుగా చేసిన నీ పెద్దమ్మ మాట, కాస్త ఓపిగ్గా చదువు.

పొగ అనగానే అందరికీ ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. దగ్గు లేదు, ఆయాసం లేదు కాబట్టి నాకేం కాదులే అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో బయటి గాలి కాలుష్యం వల్ల సుమారు 42 లక్షల మంది అకాలంగా చనిపోతే, అందులో దాదాపు 68 శాతం గుండె జబ్బు, పక్షవాతం వల్ల పోయినవాళ్లే. అయినా గుండెపోటుతో వచ్చినవాళ్లని బీపీ, షుగర్, సిగరెట్ గురించి అడిగినట్టు, రోజూ ఎలాంటి గాలి పీలుస్తున్నారని అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువే. నాకు బాధగా ఉండేది ఇదే.

అసలు దోషి పీఎం 2.5 అనే సన్నటి ధూళి. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు, అందుకే ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలిగదుల దాకా పోతుంది. అక్కడ ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, మొదలవుతుంది, దాని ప్రభావం రక్తంలోకి వస్తుంది, మరీ సన్నటి కణాలైతే నేరుగా రక్తంలోకే చేరగలవు. అప్పుడు రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం మామూలు కంటే తొందరగా గడ్డకడుతుంది. కొవ్వు పేరుకున్న చోట పొర చిట్లి దాని మీద గడ్డ కట్టిందంటే అదే గుండెపోటు. ఇదంతా ఏళ్ల మీద జరిగేదే కాదు. కొన్ని గంటల నుంచి కొన్ని వారాల పాటు ఆ ధూళి పీల్చినా ప్రాణం మీదికి రావచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే స్పష్టంగా రాసింది. నీకు స్టెంట్ వేసింది ఒక్క చోట, మిగతా నాళాలు పాతవే కదా.

లండన్‌లో చేసిన ఒక పరిశోధన గురించి నీకు చెప్పాలి, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 60 దాటినవాళ్లని, వాళ్లలో గుండె జబ్బు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, ఒక రోజు హైడ్ పార్కులో రెండు గంటలు, ఇంకో రోజు డీజిల్ బస్సులూ టాక్సీలూ తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో రెండు గంటలు నడిపించారు. పార్కులో నడిచినప్పుడు రక్తనాళాల బిగుతు తగ్గింది, ఊపిరితిత్తుల పనితీరు మెరుగైంది. బస్సుల పొగలో నడిచినప్పుడు ఆ మేలు చాలావరకు దక్కలేదు. అవే కాళ్లు, అంతే నడక! నువ్వు రోజూ కష్టపడి సంపాదించుకుంటున్నది ఆ రోడ్డు తినేస్తోందని నా భయం.

అందుకని దారి మార్చు. పెద్ద రోడ్డు నుంచి రెండు మూడు వీధులు లోపలికి జరిగినా పొగ బాగా తగ్గుతుంది, పార్కు ఉంటే ఇంకా మంచిది. రోడ్డు దాటేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు వెనకాల నిలబడకు, అది కదిలేటప్పుడు గుప్పున వదిలే నల్లటి పొగంతా నేరుగా నీ ముఖానికే కొడుతుంది. చలికాలంలో తెల్లవారుజామున పొగ నేలకి దగ్గరగా పేరుకుంటుంది, కాస్త ఎండెక్కాక బయల్దేరు, అలాగని ట్రాఫిక్ రద్దీ మొదలయ్యే వేళకి పోకు.

ఫోన్లో ఏక్యూఐ, అదే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, చూస్తావు కదా, ఆ అంకె ఒక్కో దేశంలో ఒక్కోలా లెక్కిస్తారు, దాని కింద ఉండే పీఎం 2.5 చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు రోజు సగటున ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు. అది దాటిన ప్రతిరోజూ టెన్షన్ పడొద్దు, చాలాచోట్ల దాటుతూనే ఉంటుంది. మరీ ఎక్కువగా ఉన్న రోజు మాత్రం ఇంట్లోనే నడువు, నడక అయితే మానొద్దు.

మాస్కు పెట్టుకుంటే ఎన్95 పెట్టుకో, గుడ్డ మాస్కు ఈ ధూళిని పెద్దగా ఆపదు. ముక్కు మీద తీగని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడు, అంచుల్లోంచి గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదన్నమాట. పెట్టుకున్నా కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాయువులని ఆపదు, కాబట్టి మాస్కుంది కదా అని మళ్లీ ఆ రోడ్డెక్కకు. ఇంట్లో సిగరెట్ పొగ, దోమల కాయిల్ పొగ అసలు వద్దు.

గాలి బాగుంది కదా అని మందులు మానేయకు, రక్తం పలచబడే మాత్ర అసలే మానొద్దు. నడుస్తుండగా ఛాతీ బరువెక్కినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా అక్కడే కూర్చుని అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి, ఇంటిదాకా నడిచొద్దామనుకోకు. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఎక్కడ, ఏ వేళప్పుడు నడుస్తున్నావో కూడా డాక్టరుగారికి చెప్పు. కొత్త దారి ఖాయం కాగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ