ఖరీదైన మందే మంచి మందా? మా పెదనాన్న వేసిన లెక్క

ప్రశ్న: "ఒక మందు విలువను ప్రపంచంలో ఎలా లెక్కగడతారు? ఎక్కువ ధర ఉన్న మందు నిజంగా మెరుగ్గా పనిచేస్తుందా?"

పనిచేయాలని రూలేమీ లేదు. ధర చూసి మందు విలువ తెలుసుకోలేం. నేను మూడు సంగతులు చూస్తాను. అది వేసుకుంటే మనిషికి ఎంత ఆయుష్షు, ఎలాంటి ఆయుష్షు కలిసొస్తుంది? వేసుకోకపోతే ఏమవుతుంది? వచ్చే నెల, ఆ పై నెల కూడా ఆ మనిషి దాన్ని తెచ్చుకోగలడా? పెద్ద పెద్ద నివేదికల్లో ఈ మూడోదాన్ని చివరి పేజీల్లో పెడతారు. నా లెక్కలో అదే మొదటిది. నాకు ఈ మాట నేర్పింది మా పెదనాన్న.

ఆయనది తెనాలి దగ్గర పల్లె. వరి, ఆ తర్వాత మినుము. డాక్టరు గడప తొక్కని మనిషి. 2008 ప్రాంతంలో ఊరికే అలసిపోవడం, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండడం, రాత్రిళ్ళు చెమటలు పట్టడం మొదలైంది. గ్యాస్ అనుకుని ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలు మింగుతూ కూర్చున్నాడు. చివరికి గుంటూరులో రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 2 లక్షలు దాటాయి. మామూలుగా 11 వేల లోపు ఉండాలి. అక్కణ్ణుంచి హైదరాబాద్ పంపించారు. అక్కడ తేలింది, క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అని. సీఎంఎల్ అంటారు, ఒక రకం రక్త క్యాన్సర్.

డాక్టరుగారు నెమ్మదైన మనిషి. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి తారుమారవడం వల్ల ఒక చెడ్డ ప్రోటీన్ పుడుతుందని, అది తెల్లకణాలను ఆగకుండా పెంచుతూ పోతుందని, ఇమాటినిబ్ అనే మాత్ర సరిగ్గా ఆ ప్రోటీన్‌నే పట్టి ఆపుతుందని బొమ్మ గీసి చెప్పారు. తర్వాత ఆ కాగితం మీదే రెండు పేర్లు రాశారు. ఒకటి మందు కనిపెట్టిన స్విట్జర్లాండ్ కంపెనీది, గ్లీవెక్. నెలకు దాదాపు లక్షా 20 వేలు. రెండోది మన దేశంలో తయారయ్యేది, నెలకు 8, 9 వేలు. "రెండిట్లో ఉన్న మందు ఒకటే" అన్నారు. కొనలేనివాళ్ళకు ఆ పెద్ద కంపెనీయే ఉచితంగా ఇచ్చే పథకం ఉందనీ, కానీ పొలం, అమెరికాలో కొడుకు ఉన్నవాళ్ళకు అది దొరకడం కష్టమనీ కూడా చెప్పారు.

గొడవ అక్కడే మొదలైంది. న్యూజెర్సీ నుంచి వచ్చిన మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, ఒకటే పట్టు. "డబ్బులు చూసుకునే టైమా ఇది? ఒరిజినలే వాడదాం. చవకది వాడితే నాన్నకేమన్నా అయితే ఎవరిది పూచీ?" పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ రోడ్డు పక్క ఎకరంన్నర అమ్మేద్దామంది. నాకు నోరు పెగల్లేదు. ఇద్దరి మాటా ప్రేమలోంచే వచ్చింది మరి.

పెదనాన్న మాత్రం డాక్టరుగారినే చూస్తూ అడిగాడు. "ఇది ఎన్నాళ్ళు వాడాలి బాబూ?"

"బతికున్నన్నాళ్ళూ వాడాలి."

"మానేస్తే?"

"జబ్బు తిరగబెడుతుంది. మొదట మెల్లగా, తర్వాత ఒక్కసారిగా. అప్పుడు ఆపడం కష్టం."

పెదనాన్న స్కానింగ్ కవరు వెనక పెన్నుతో లెక్క వేశాడు. నెలకు లక్షా 20 వేలంటే ఏడాదికి 14 లక్షల 40 వేలు. అన్నయ్య వైపు తిరిగి, "ఎకరంన్నర అయిపోయాక మిగతాది అమ్ముతాం. అదీ అయిపోయిన రోజున మందూ అయిపోతుంది. అప్పుడు నీ ఒరిజినల్ నాకేం చేస్తుందిరా? 9 వేలంటే కౌలూ పాలడబ్బులూ కలిపి నేనే కట్టుకోగలను. డాక్టరుగారూ, ఆ రెండోదే రాయండి" అన్నాడు.

పదో తరగతి దాటని మనిషి. లండన్‌లో ఆర్థికవేత్తలు టేబుళ్ళు గీసి వేసే లెక్కను ఆయన కవరు వెనక వేశాడని నేను గట్టిగా నమ్ముతాను.

మూడు నెలలకల్లా కణాలు మామూలుకొచ్చాయి. కళ్ళ కింద వాపు, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం ఉండేవి, ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉన్నాయి. రోజూ అన్నం తిన్నాక పెద్ద గ్లాసెడు నీళ్ళతో 400 మిల్లీగ్రాముల మాత్ర. రిపోర్టు బాగుందని తెలియగానే "ఇంకెందుకు ఆ మందు, నేను ఆకుపసరు ఇస్తాను" అంటూ ఒక పెద్దమనిషి వచ్చాడు. పెద్దమ్మ గుమ్మంలోంచే పంపించేసింది. ఈ రకం సలహాదారుల మీద నాకు చాలా కోపం. ఆపరేషన్ అంటే లక్షలు తెచ్చి పోస్తారు మనవాళ్ళు, రోజూ వేసుకోవాల్సిన మాత్రను మాత్రం "అలవాటైపోతుంది" అని మాన్పిస్తారు. బీపీ, షుగర్ మాత్రల విషయంలో ఇది ప్రతి ఇంట్లో చూస్తున్నాను.

ఇమాటినిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2001లో. మొదట్లో దానితో పరీక్షించిన రోగులను పదేళ్ళకు పైగా వెంబడించి చూస్తే, పదేళ్ళ నాటికి బతికి ఉన్నవాళ్ళు 83 శాతం. అంతకుముందు ఇదే జబ్బుకు ఎముక మజ్జ మార్పిడి కుదరకపోతే ఎక్కువమందికి కొన్నేళ్ళే మిగిలేవి. విలువ అంటే ఇది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 1977 నుంచీ ఉంది.

మరి ఒకే మందుకు రెండు ధరలు ఎలా ఉన్నాయంటే, మన పేటెంట్ చట్టం వల్ల. పేటెంట్ అంటే కనిపెట్టిన కంపెనీ తప్ప వేరెవరూ కొన్నేళ్ళు ఆ మందు తయారు చేయకూడదనే హక్కు. పాత మందుకే రూపం మార్చి, అది మెరుగ్గా పనిచేస్తుందని చూపించకుండా మళ్ళీ పేటెంట్ అడిగితే ఇవ్వొద్దని సెక్షన్ 3(డి) చెబుతుంది. 2006లో చెన్నై పేటెంట్ ఆఫీసు గ్లీవెక్ దరఖాస్తును తోసిపుచ్చింది. కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. మేం చవక మాత్ర కొన్న మొదటి ఏళ్ళన్నీ ఈ కేసు నడుస్తూనే ఉండేది. అది ఇంకో రకంగా తేలి ఉంటే మా ఎకరంన్నర సంగతేమిటో ఊహించుకోవడానికి కూడా నాకు ఇష్టం లేదు.

అలాగని ధర తగ్గిన ప్రతి మందూ గొప్పదని చప్పట్లు కొట్టొద్దు. 2012 మార్చిలో నెక్సావర్ అనే లివర్ క్యాన్సర్ మందుకు మన దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్స్ ఇచ్చారు. పేటెంట్ ఉన్నా సరే వేరే కంపెనీ తయారు చేసుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చే అనుమతి అది. తయారు చేసింది మన హైదరాబాద్ కంపెనీ నాట్కో. నెలకు 2 లక్షల 80 వేలున్నది 8,800కు వచ్చింది. మంచి పనే, నేనూ సంతోషించాను. కానీ ఆ మందు ఇచ్చేది ఎంత? లివర్ క్యాన్సర్‌కు దానికి అనుమతి తెచ్చిపెట్టిన పరీక్షలో మందు లేనివాళ్ళు సగటున 7.9 నెలలు బతికితే, వాడినవాళ్ళు 10.7 నెలలు. మూడు నెలల లోపే తేడా. గ్లీవెక్‌నూ దీన్నీ ఒకే గాటన కట్టేయకూడదు. పదేళ్ళిచ్చే మాత్రా మూడు నెలలిచ్చే మాత్రా ఒకటి కావు. ఈ సంగతి ముందే కుటుంబాలకు చెప్పాలి, అప్పు చేసే ముందు చెప్పాలి.

హెపటైటిస్ సి మందు సోఫోస్‌బువిర్ సంగతి ఇంకో రకం. 2013 చివర్లో అమెరికాలో ఒక కోర్సు 84 వేల డాలర్లు, అంటే మాత్రకు వెయ్యి డాలర్లు. ఆ జబ్బుతో కుంగిపోతున్న ఈజిప్టు బేరమాడి 2014లో 900 డాలర్లకు తెచ్చుకుంది, తర్వాత తన దేశంలోనే తయారు చేసుకుని ఇంకా తగ్గించింది. ఆపై కోట్ల మందికి పరీక్షలు చేసి, జబ్బు ఉన్నట్టు తేలిన లక్షలాది మందికి మందు ఇచ్చింది. అదే మాత్ర 84 వేల డాలర్ల దగ్గర కొద్దిమంది బీమా ఉన్నవాళ్ళ మందు, ఈజిప్టు ధర దగ్గర ఒక దేశాన్ని నిలబెట్టిన మందు.

చవకది అంటే ఏదైనా ఫరవాలేదని అనడం లేదు. 2022లో గాంబియాలో కిడ్నీలు దెబ్బతిని చనిపోయిన 66 మంది పిల్లల మరణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో తయారైన దగ్గు సిరప్‌లతో ముడిపెట్టి హెచ్చరిక ఇచ్చింది. వాటిలో డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది. నాకు కడుపు మండేది ఇంకో విషయానికి కూడా. చిన్నపిల్లల మామూలు దగ్గుకు ఆ సిరప్‌ల వల్ల పెద్దగా ఉపయోగమే లేదు. కల్తీ లేకపోయినా అక్కర్లేని మందు అది. నేను పైన చెప్పిన మొదటి ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే ఆ సీసా ఆ ఇళ్ళలోకి వచ్చేదే కాదు.

అక్కరకొచ్చేదాన్ని మాత్రం మనం చులకన చేస్తాం. ఓఆర్ఎస్ ప్యాకెట్టే చూడండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిపోయిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా వచ్చి సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళను తాగించి వేలమందిని బతికించారు. ఇప్పటికీ మా ఊళ్ళో విరేచనాలు పట్టుకుంటే "ఒక సెలైన్ ఎక్కించండి" అని ఆర్ఎంపీ దగ్గర పడుకుంటారు, 20 రూపాయల ప్యాకెట్టు నీళ్ళలో కలుపుకుని తాగరు. దానికి తోడు ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నీళ్ళు అమ్మే డబ్బాలు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే గానీ 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించలేదు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. కొనే ముందు ప్యాకెట్టు మీద ఆ అంకె చూడండి.

ఇక మీరు అడిగిన "ఎలా లెక్కగడతారు" సంగతికి వస్తాను. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ, ఒక మందు వల్ల ఆరోగ్యంగా గడిపే ఒక ఏడాది కలిసి రావడానికి ఎంత ఖర్చవుతుందో చూస్తుంది. చాలా ఏళ్ళు 20 నుంచి 30 వేల పౌండ్లను హద్దుగా పెట్టుకుంది. మన దేశంలోనూ 2017 నుంచి ఇలాంటి మదింపు చేసే విభాగం ఒకటి ఆరోగ్య పరిశోధన శాఖ కింద ఉంది. మంచి పద్ధతే. కానీ బ్రిటన్‌లో ఆ బిల్లు ప్రభుత్వం కడుతుంది, మన దగ్గర చాలాసార్లు మనిషే కట్టుకోవాలి. అందుకే ఆ లెక్కను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకుంటే చాలదు. నెల మధ్యలో మందు అయిపోయి మానేసినవాళ్ళు ఎంతమందో కూడా అందులో చేరాలి.

మీ ఇంట్లో ఎవరికైనా దీర్ఘకాలం వాడే మందు రాస్తే, బ్రాండు పేరు కాకుండా లోపలి మందు పేరు రాయించుకోండి. జనఔషధి షాపులో ఆ పేరుతో అడగండి. మామూలు షాపులో జనరిక్, అంటే అదే మందు వేరే కంపెనీ చవకగా చేసింది, కొన్నా అట్ట మీద ఎంఆర్‌పీ చూసి కట్టేయకండి, చాలాసార్లు షాపువాడికి పడే ధరకు అది ఎన్నో రెట్లుంటుంది. ధరల నియంత్రణ సంస్థ వాళ్ళ ఫార్మా సహీ దామ్ యాప్‌లో మందు పేరు కొడితే గరిష్ఠ ధర కనిపిస్తుంది. మా పెదనాన్న మందు నేను అలాగే చూసి కొంటున్నాను.