బండి ప్రశ్నలు – జవాబులు: కవర్లో వేసిచ్చిన ఆ పైపు ముక్క

ప్రశ్న: అన్నా, మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం సైడు. సెకండ్ హ్యాండ్‌లో పాత హీరో ఇంపల్స్ తీసుకున్నా, రొయ్యల గుంటల గట్ల మీద, బీచ్ ఇసకలో, వానాకాలం బురదలో, అంతా దాని మీదే తిరుగుడు. ముందు చక్రం ఊగతా ఉంటే రెండు నెల్ల కిందట షాపులో బేరింగులు మార్పించా, ఇప్పుడు మళ్లీ అదే కత, హ్యాండిల్ వణుకుడు, చక్రం తిప్పితే గరగర. ఈసారి ఇంట్లో నేనే మార్చుకుందామని ఉంది, వీడియోల్లో చూస్తే ఒక్కోడు ఒక్కో రకంగా చెప్తన్నాడు. ఉప్పు నీళ్లకి ఇంతేనా? ఇంకో మాట, అప్పుడు ఆ మెకానిక్ పాత బేరింగులతో పాటు తుప్పు పట్టిన పైపు ముక్క ఒకటి కవర్లో వేసిచ్చి, ఇది పోయింది, లేకపోయినా నడుస్తుద్దిలే అన్నాడు. అది నిజంగా అక్కర్లేదా?
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: తమ్ముడూ, చివర్లో ఇంకో మాట అని రాశావే, జబ్బంతా ఆ మాటలోనే ఉంది. ఆ పైపు ముక్కని స్పేసర్ అంటారు. హబ్‌లో, అంటే చక్రం నడిమి దిమ్మెలో, అటొక బేరింగు ఇటొక బేరింగు ఉంటాయి గదా, వాటి నడుమ నిలబడేది అదే. యాక్సిల్ (చక్రం నడుమ దూరే రాడ్డు) నట్టు బిగించినప్పుడు ఆ బిగువు ఇటు బేరింగు లోపలి రింగు మీద నుంచి పైపు మీదకి, పైపు మీద నుంచి అటు బేరింగు లోపలి రింగు మీదకి పోవాల. పైపు లేదనుకో, లోపలి రింగులు రెండూ ఒకదాని మీదకి ఒకటి జరగబోతాయి, బయటి రింగులేమో హబ్‌లో కదలకుండా కూర్చోనుంటాయి, మధ్యలో నలిగేది గుండ్లు. ఈ బేరింగులు పైనుంచి పడే బరువు మోసేదానికి చేసినవి, అదే పనిగా పక్కనుంచి నొక్కిపెడితే వేడెక్కుద్ది, గ్రీజు కారిపోద్ది, గుండ్లు తిరిగే గాడి పొరలు లేచిపోద్ది. రెండు నెలలు వచ్చిందంటే నీ అదృష్టమే అనుకో.

ఉప్పు నీళ్ల తప్పేం లేదని కాదు. బేరింగు స్టీలు గట్టిదే గానీ స్టెయిన్‌లెస్ కాదు, సీలు దాటి ఉప్పు నీళ్లు ఒక్కసారి లోపలికి పోయాయంటే తుప్పు మొదలైనట్టే. కానీ ఉప్పు నీళ్లు తినేదానికి టైం పట్టుద్ది, పైపు లేకపోతే అంత టైం కూడా పట్టదు.

సరే, ముందు అది బేరింగు జబ్బేనా కాదా చూసుకో. ఇంజన్ కింద గట్టి చెక్క పెట్టె పెట్టి ముందు చక్రం లేపు, ఇటుకల మీద మాత్రం నిలబెట్టొద్దు, నేనట్టా పెట్టి ఒకసారి కాలి మీదకి తెచ్చుకున్నా. చక్రాన్ని పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి అటూ ఇటూ ఊపు. ఫోర్కు కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే బేరింగే. ఫోర్కు కూడా కలిసి ఊగితే అది హ్యాండిల్ కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, దానికి చక్రం విప్పుకుని ఏం లాభం లేదు. ఆ తర్వాత చక్రం తిప్పతా ఫోర్కు కింది భాగం మీద అరచెయ్యి ఆనించు, గరగర చేతికి తెలుస్తుద్ది, చెవి కంటే చెయ్యి నయం ఈ పనికి.

చక్రం తీసినాక డిస్క్ ప్యాడ్ల మధ్య అట్టముక్క దోపు, పొరపాటున ఎవరన్నా బ్రేక్ లీవర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చేసి మళ్లీ డిస్కు దూరదు, ఇంట్లో పిల్లకాయలుంటే నొక్కకుండా ఉండరు గదా. స్పీడోమీటర్ గేరు, బయటి బుష్‌లు ఏది ఏ వైపు ఉందో ఫోన్లో ఫోటో తీసుకో. డస్ట్ సీలు పెద్ద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపితే వచ్చుద్ది, కింద గుడ్డ పెట్టు హబ్ గీరుకోకుండా, ఎట్టాగూ కొత్త సీలే వెయ్యాల కాబట్టి పాతది చిరిగినా బాధ లేదు. కొన్ని బండ్లకి సీలు కింద లాకు రింగు ఉంటది, అది చూసుకోకుండా సుత్తితో బాదితే హబ్బే పోద్ది.

బేరింగు తీసేదానికి మామూలుగా అవతలి వైపు నుంచి పొడుగు పంచ్ (ఇనప ఊచ) దోపి, నడుమ పైపుని కాస్త పక్కకి నెట్టి, లోపలి రింగు అంచు మీద పెట్టి కొడతారు. ఒక దెబ్బ ఇక్కడ, ఇంకో దెబ్బ దానికి ఎదురుగా, చుట్టూ తిప్పుకుంటా కొట్టాల, ఒకే చోట బాదితే వంకరగా ఇరుక్కుంటది. నీకు పైపే లేదు కాబట్టి ఈ ఒక్కసారికి పని సులువు, ఎగతాళికి కాదు గానీ నిజమే. పంచ్ అందకపోతే హార్డ్‌వేర్ షాపులో గోడకి బిగించే యాంకర్ బోల్టు తెచ్చుకుని, దాని తొడుగు బేరింగు బొక్కలో పెట్టి బిగిస్తే పట్టేస్తుద్ది, అవతలి నుంచి రాడ్డు దోపి బోల్టు కొస మీద కొట్టడమే. ఒక్కోసారి బేరింగు మరీ పోయుంటే లోపలి రింగు, గుండ్లు రాలిపోయి బయటి రింగు ఒక్కటే హబ్‌లో మిగిలిపోద్ది. దాంతో కుస్తీ పట్టొద్దు, వెల్డింగ్ షాపుకి తీసకపోతే రింగు లోపల సన్నగా ఒక గీత వెల్డింగ్ పెడతారు, చల్లారేటప్పుడు రింగు ముడుచుకుని అదే ఊడొచ్చుద్ది.

కొత్త బేరింగుకి బండి పేరు చెప్పి అడగడం కంటే పాత దాని మీది నంబరు చదువుకుని పో. ఉదాహరణకి 6202 అని ఉంటే లోపలి బొక్క 15 మిల్లీమీటర్లు, బయటి సైజు 35, మందం 11. చివరి రెండు అంకెలే బొక్క సైజు, 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17, 04 నుంచి ఐదుతో హెచ్చేస్తే సరిపోద్ది. మొదట 62 బదులు 63 ఉంటే అదే బొక్కకి బయట ఇంకా లావు. 6302 అంటే బయట 42 అన్నమాట, కాబట్టి షాపులో ఇదీ అదీ ఒకటేలే అంటే నమ్మొద్దు. నంబరు పక్కన 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీళ్లు, నీ రొయ్యల గుంటలకి అదే కావాల.

ఇప్పుడు ఎక్కించడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదువు. అల్యూమినియం వేడికి స్టీలు కంటే ఇంచుమించు రెట్టింపు సాగుద్ది. 35 మిల్లీమీటర్ల హబ్ బొక్క 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.06 మిల్లీమీటర్లు పెద్దదవుద్ది, అదే బేరింగుని రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే 0.02 దాకా చిన్నదవుద్ది. చూసేదానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది గానీ బేరింగు బిగువంతా ఆ వందో వంతుల్లోనే ఉంటది. హీట్ గన్ ఉంటే హబ్ చుట్టూ తిప్పతా నీటి చుక్క వేస్తే చుయ్‌మనే దాకా వేడి చెయ్యి, అంతకు మించొద్దు. సగం బేరింగు దానంతట అదే దిగుద్ది.

మిగతా సగానికి సుత్తి కావాల, కానీ దెబ్బ బయటి రింగు మీదే పడాల. లోపలి రింగు మీద కొట్టావంటే ఆ దెబ్బ గుండ్ల మీద నుంచి పోయి గాడిలో సొట్టలు పడతాయి, అప్పుడు కొత్త బేరింగు వేసినా మొదటి రోజు నుంచే గరగర. బయటి రింగుకి సరిపడా సాకెట్ వాడు, లేదంటే పాత బేరింగునే మీద పెట్టి కొట్టు, దాని అంచు రవ్వంత అరగదీసుకుంటే లోపల ఇరుక్కోదు. మొదటి బేరింగు అడుక్కి తగిలే దాకా దించు, తగిలినప్పుడు సుత్తి చప్పుడు మారుద్ది, టక్‌మని గట్టిగా వినిపిస్తుద్ది. ఏ వైపు ముందు అనేది మాన్యువల్ చూడు. తర్వాత స్పేసర్ పైపు పెట్టు, మర్చిపోకు, నేనూ ఒకసారి మర్చిపోయి రెండో బేరింగు దించేసి తల పట్టుకున్నా, కొత్త బేరింగుని మళ్లీ కొట్టి బయటకి తీస్తే అది ఇంక పనికిరాదు.

రెండో బేరింగు మాత్రం అడుక్కి కాదు, లోపలి రింగు పైపుకి ఆనే దాకానే. రెండు మూడు దెబ్బలకొకసారి ఆపి వేలు దోపి పైపుని కదిపి చూడు. గడగడా ఊగతా ఉంటే ఇంకా దిగాల, వేలితో నెడితే కొంచెం బరువుగా జరిగితే చాలు, ఆగిపో. ఇంకా కొట్టావంటే పైపు లేనప్పుడు జరిగిన పనే ఇప్పుడు ఎదురు దిక్కు నుంచి జరుగుద్ది, గుండ్లు మళ్లీ నలుగుతాయి. లోపలి రింగు వేలితో తిప్పితే గ్రీజు బరువుతో మెత్తగా తిరగాల, అంతే.

ఇంక ఆ పైపు సంగతి. పారెయ్యకుండా ఉంటే తీసి తుప్పు గీకి చూడు. రెండు చివరలూ సమంగా ఉండి పైపైనే తుప్పుంటే వాడుకోవచ్చు. చివర్లు తినేసుంటే కొత్తది కొను, దొరక్కపోతే లేత్ షాపులో చేయించు, కానీ అసలు పొడుగుకే చేయించు. అంచులు నున్నగా చేద్దామని ఒక మిల్లీమీటరు తీసేశారంటే అది లేనట్టే లెక్క. యాక్సిల్ రాడ్డు కూడా వంట గట్టు గ్రానైట్ బండ మీద దొర్లించి చూడు, వంకరుంటే తెలిసిపోద్ది. నట్టు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించు, స్పానర్‌కి పైపు తొడిగి దాని మీద నిలబడొద్దు.

ఉప్పు సంగతికి, కొత్త సీలు పెదవికి నీళ్లకి తట్టుకునే గ్రీజు దండిగా పూయి, గుంటల్లో తిరిగొచ్చిన రోజు మామూలు నీళ్లతో కడిగి ఆరనివ్వు. ఏభై కిలోమీటర్లు తిరిగినాక చక్రం లేపి మళ్లీ ఒకసారి ఊపి చూడు.

ప్రశ్న: అయ్యా, మాది చీమకుర్తి. మా అబ్బాయికి బండి పిచ్చి, క్వారీల వైపు దుమ్ములో తిప్పుతాడు. బేరింగులు మారుస్తానని వాటిని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు, చక్రాన్నేమో గ్యాస్ పొయ్యి మీద పెడతానంటున్నాడు. ఇదంతా అవసరమేనా, ప్రమాదం లేదా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఫ్రిజ్ సంగతికి భయపడకండి, అబ్బాయి చేసింది సరైన పనే. కవర్లోంచి తియ్యకుండా ఇంకో జిప్ కవర్లో పెట్టమనండి, అప్పుడు మీ చేపల పులుసుకి గ్రీజు వాసన రాదు, బేరింగుకి పులుసు వాసన రాదు. బయటకి తీసినాక చెమట పట్టుద్ది, తుడిచి వెంటనే వాడాల, అంతే.

గ్యాస్ పొయ్యి మీద చక్రం మాత్రం ఒప్పుకోవద్దు. టైరు, ట్యూబు, పాత గ్రీజు అన్నీ అంటుకునేవే, పైగా మంట ఒకే చోట తగిలితే హబ్ పాడవుద్ది. హీట్ గన్ లేకపోతే పాత బేరింగు తీసేటప్పుడు హబ్ మీద మరిగే నీళ్లు పోసుకోవచ్చు, ఆ బేరింగు ఎట్టాగూ పారేసేదే. కొత్తది వేసేటప్పుడు నీళ్లొద్దు, తడి లోపల మిగిలిపోద్ది, మీ చీమకుర్తి ఎండలో నల్ల బండ మీద మిట్ట మధ్యాహ్నం ఒక గంట పెట్టమనండి, చుక్క చుయ్‌మనదు గానీ కొంత సాయమే.

దుమ్ము గురించి కూడా చెప్పండి. రాతి పొడి గ్రీజులో కలిసిందంటే సానపట్టినట్టే అరిగిపోద్ది. నంబరు పక్కన జెడ్ జెడ్ అని ఉన్నవి రేకు మూత బేరింగులు, రేకుకీ లోపలి రింగుకీ మధ్య సన్న సందు ఉంటది, ఆ వైపు తిరిగేవాళ్లకి రబ్బరు సీలువే నయం. వాటర్ సర్వీస్‌లో ప్రెషర్ గన్ తిన్నగా హబ్ మధ్యలోకి కొట్టనివ్వొద్దు, సీలు పెదవి మడతపడి దుమ్మూ నీళ్లూ కలిపి లోపలికే పోతాయి. బండి మెరవాలని అట్టా కొట్టించుకునేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: కొత్త బేరింగు హబ్‌లోకి చేత్తో నెడితేనే దిగిపోతోంది, సుత్తి అవసరమే రాలేదు. మంచిదే గదా? ఈ ఆదివారం ఉదయగిరి కొండకి పోదామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మంచిది కాదు. హబ్ చల్లగా ఉన్నప్పుడు చేత్తో దిగిందంటే బొక్క అరిగిపోయింది, పాత బేరింగు బయటి రింగుతో సహా తిరిగి తినేసింది. కొందరు బొక్క చుట్టూ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెస్తారు, ఆ చుక్కలు నాలుగు గుంతలకి అణిగిపోతాయి. బేరింగు గమ్ పూస్తే కొన్నాళ్లు నడుస్తుద్ది గానీ అది ఊరి లోపల తిరిగేదానికి. లేత్ షాపులో బొక్క పెద్దది చేసి స్లీవ్ (లోపల తొడిగే రింగు) వేయించు, లేదంటే హబ్ మార్చు. ఆదివారానికి అవదు కాబట్టి ఉదయగిరికి ఎవరిదన్నా బండి వెనక కూర్చుని పో.