శుభలేఖలో పితామహులు ఎవరు, మాతామహులు ఎవరు?

తండ్రి తండ్రినీ తల్లి తండ్రినీ మనం ‘తాత’ అన్న ఒకే మాటతో పిలుస్తాము కనుకనే, మీ అమ్మాయి శుభలేఖ నమూనాలో ‘పితామహులు’ అన్న చోట మీ భార్య తండ్రిగారి పేరు పడింది. పితామహుడంటే తండ్రికి తండ్రి మాత్రమే. తల్లికి తండ్రి మాతామహుడు.

1. చాలామంది మరిచిపోయేది ఇది: వరుసను ఆహ్వానించే మీ నుంచి కాక, వధువు నుంచి లెక్కించాలి. మీ తండ్రిగారు మీకు పిత, అమ్మాయికి పితామహులు. ఆయన తండ్రిగారు మీకు పితామహులు, అమ్మాయికి ప్రపితామహులు. మీ తల్లిగారి తండ్రి మీకు మాతామహులే అయినా, అమ్మాయి విషయంలో ఆ మాట ఆయనకు వర్తించదు. దయచేసి ప్రతి పేరునూ ఈ విధంగా ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే పెద్దల పేరు తప్పు వరుసలో అచ్చయితే వారి మనసు నొచ్చుకుంటుంది.

2. నాయనమ్మ పితామహి, అమ్మమ్మ మాతామహి.

3. మీ తండ్రిగారి పేరుతో చెప్పేటప్పుడు అమ్మాయి ‘పౌత్రి’, మీ మామగారి పేరుతో చెప్పేటప్పుడు ‘దౌహిత్రి’. ఈ సంస్కృత పదాలు బంధువులకు కొత్తగా తోస్తాయనుకుంటే, ‘మనుమరాలు’ అని వేయించండి; అది రెండు వైపులకూ సరిపోతుంది.