ఎల్క్ మాంసం మోయడానికి ఎటువంటి బ్యాక్‌ప్యాక్ కొనాలి?

వచ్చే అక్టోబరులో మొదటిసారి కొలరాడోకు ఎల్క్ (భారీ జింక) వేటకు వెళుతున్నామని, మాంసాన్ని వీపున మోసుకు రావడానికి 65 లీటర్ల సంచి చాలునా, 80 లీటర్లది కొనాలా అని మీరు అడిగారు. నేనూ సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి, వేట ముగిసిన వారం రోజుల దాకా మెట్లు దిగలేకపోయినవాణ్ణి కనుక, లీటర్ల సంగతిని చివరికి వాయిదా వేస్తున్నాను.

డెన్వర్‌కు వచ్చిన మూడేళ్లకు ఒక సహోద్యోగి ప్రోద్బలంతో శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని ఫ్లాట్ టాప్స్ కొండలకు వెళ్లాను. మన దేశపు 1972 నాటి వన్యప్రాణి చట్టం మాత్రమే తెలిసిన మా బంధువులు నన్ను జైల్లో పెడతారేమోనని బెంగపడ్డారు గాని, ఇక్కడి చట్టం పెట్టే బెంగ వేరు. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలి రావడం ఇక్కడ నేరం. పైగా మేము వెళ్లినది వైల్డర్‌నెస్, అంటే సహజ స్థితిలో వదిలేయాలని చట్టం రక్షించే ప్రాంతం. 1964 నాటి చట్టం వల్ల అక్కడ మోటారు వాహనాన్నే కాదు, చక్రాలున్న తోపుడు బండిని కూడా తీసుకుపోరాదు. గుర్రం లేనివారికి ఇక వీపే దిక్కు.

మేము వేటాడిన ఎల్క్‌లో నా వంతుకు వచ్చిన వెనుక తొడ ఎముకతో సహా సుమారు 30 కిలోలు ఉంటుంది. దానిని, ఎప్పుడో హిమాలయ యాత్ర కోసం హైదరాబాదులో కొన్న ట్రెక్కింగ్ సంచిలో దించాను. పది నిమిషాలు గడవకముందే మాంసం అడుగుకు జారి, గుమ్మడికాయలా ఉబ్బి, వీపుకు దూరంగా వేలాడసాగింది. నేను ముందుకు వంగిన కొద్దీ అది వెనక్కి లాగేది; పడిపోయిన ఆస్పెన్ చెట్ల దుంగలను దాటిన ప్రతిసారీ పక్కకు ఊగి నన్నూ ఈడ్చేది. రెండుసార్లు పడ్డాను, భుజాలు మొద్దుబారాయి, ఐదు కిలోమీటర్ల దూరానికి నాలుగు గంటలు పట్టింది. అంతే బరువు మోస్తున్న నా సహోద్యోగి, నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడు, ముందు నడుస్తూ ఈల వేస్తున్నాడు. ఆ ఈల నాకు బరువుకంటే ఎక్కువ బాధ కలిగించింది.

చివరికి ఆయనే జాలిపడి ఆగి, తొడను బయటికి తీసి, పరుపు చుట్టను సంచి అడుగున కుక్కి దానిపైన తొడను నిలబెట్టి, నా వీపుకు ఆనేలా తాడుతో బిగించాడు. పొట్ట మీదికి ఎక్కి ఉన్న నడుము బెల్టును తుంటి ఎముకల మీదికి దింపి మళ్లీ కట్టించాడు. మిగిలిన దారి సుఖంగా సాగిందని చెప్పను గాని, పడకుండా నడిచాను. మా ఊరి రైసు మిల్లులో 75 కిలోల ధాన్యం బస్తా మోసే హమాలీ ఒకాయన, చిన్నప్పుడు నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "బస్తా నన్ను అంటుకునే ఉండాలి బాబూ, ఎడమైందంటే పడేస్తది" అనేవాడు. ఆ ముక్క నాకు కొలరాడోలో అర్థమైంది.

అందువల్ల మీరు మొదట చూడవలసినది ఫ్రేమ్, అంటే సంచిని వీపున నిలబెట్టే గట్టి చట్రం. అది బరువుకు వంగకూడదు. భుజాలకంటే కొంత ఎత్తుగా ఉండాలి. అప్పుడే భుజం పట్టీల పైనుండే లోడ్ లిఫ్టర్లు అనే చిన్న పట్టీలు ఏటవాలుగా పైకి సాగి బరువును భుజాల మీది నుంచి ఎత్తి పడతాయి. ఫ్రేమ్ పొట్టిదైతే అవి కేవలం అలంకారం. కొలత తీసుకునేటప్పుడు మీ ఎత్తును కాక, మెడ కింద పొడుచుకువచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు వరకు ఉన్న వెన్ను పొడవును లెక్కించండి. ఫ్రేమ్‌కూ సంచికీ మధ్య మాంసం పెట్టి బిగించే లోడ్ షెల్ఫ్ తప్పనిసరి. బోజ్‌మన్‌లోని స్టోన్ గ్లేషియర్, బోయిసీలోని ఎక్సో వంటి సంస్థలు ఇటువంటివే చేస్తాయి, ధర 500 డాలర్లు దాటుతుంది. మాంసాన్ని నాలాగా ప్లాస్టిక్ సంచిలో చుట్టకండి, వేడి పోక పాడవుతుంది; గాలి ఆడే గుడ్డ సంచులు వాడండి.

ఖాళీ సంచి తగిలించుకుని జిప్పులు, జేబులు లెక్కపెట్టే వీడియో సమీక్షకులను మాత్రం నమ్మవద్దు. 35 కిలోలు మోసేవాడికి సంచి బరువులో అరకిలో తగ్గించామని చెప్పడం నా దృష్టిలో హాస్యాస్పదం. ఇక అడవిలో కలిసిపోయే ఆకుల బొమ్మల రంగుకు అదనంగా చెల్లించడం మరీ విడ్డూరం: రైఫిల్‌తో వేటాడే సీజనులో కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబి రంగును నడుముకు పైభాగాన ధరించాలని, అందులో అన్ని వైపులకూ కనిపించే టోపీ కూడా ఉండాలని ఇక్కడి నియమం ఉండగా, ఆ ఆకుల సంచి వీపున ఉన్న రంగునే కప్పేస్తుంది.

కొన్న వెంటనే ధర చీటీ తీయకుండా, 20 పౌండ్ల సోనామసూరి బియ్యం సంచులు మూడు షెల్ఫులో బిగించి ఇంటి మెట్లు నలభై నిమిషాలు ఎక్కి దిగండి. తుంటి దగ్గర ఒత్తిడి తెలియడం సహజం. భుజాలు నొప్పిపుడితే కొలత తప్పినట్టే, వెనక్కి పంపేయండి. కారులోంచి బియ్యం దించమన్నప్పుడల్లా ఈ నడుముకు నొప్పి ఎలా వస్తుందని మా ఆవిడ అడిగింది; దానికి నా దగ్గర జవాబు లేదు.

లీటర్ల విషయానికి వస్తే, మాంసం షెల్ఫులో ఉంటుంది కనుక సంచిలోకి వెళ్లేవి గుడారం, పరుపు, తిండి మాత్రమే. కారు దగ్గరే బస చేసి పగలు మాత్రం వేటాడేటట్లయితే 40 లీటర్లు చాలు. నాలుగైదు రాత్రులు కొండ మీదనే ఉండేటట్లయితే 80 లీటర్లది తీసుకోండి.